పటుక్కుమన్న గింజ

మూడు వారాల కిందట ఒక ఆదివారం ఆబిడ్స్‌లో, షట్టర్లు దించిన దుకాణాల ముందు పరిచిన పాత పుస్తకాల్లో ఒక వృక్షశాస్త్రం పుస్తకం దొరికింది. ఇంటికొచ్చి తిరగేస్తుంటే మధ్యలో మడతపెట్టిన కాగితం, అందులో ఐదు రేల గింజలు. బల్లపరుపుగా, గోధుమరంగులో, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఎవరు దాచారో, ఎన్నేళ్లయిందో! గరుకు కాగితం మీద ఒక్కో గింజ అంచును నాలుగుసార్లు రుద్ది, రాత్రంతా నానబెట్టి కుండీలో పెట్టాను. ఈ మంగళవారం ఒకటి, బుధవారం రెండు మట్టిని తోసుకుని లేచాయి. అప్పటి నుంచి రోజుకు పదిసార్లు ఆ కుండీ దగ్గరికే వెళ్తున్నాను.

విత్తనాన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దని నేనెన్నిసార్లు రాశానో ఈ కాలమ్ పాఠకులకు తెలుసు. ఎండ, బూడిద, మూతి బిగించిన కుండ ఉంటే చాలని నా వాదన. ఈ మూడు మొలకలను చూడగానే మళ్లీ అదే రాద్దామని కూర్చున్నాను.

ఆ వాదన నాది కాదు, మా నాయనమ్మది. చలికాలం చివర్లో చిక్కుడు గింజలను చేటలో పోసి వాకిట్లో ఎండబెట్టేది. పొద్దు గుంకేముందు లోపలికి తెచ్చేది, రాత్రి మంచు తగలనిచ్చేది కాదు. మూడోనాడో నాలుగోనాడో నన్ను పిలిచి ఒక గింజ నోట్లో పెట్టేది. "పండ్ల కింద పెట్టి కొరుకు బిడ్డా. పటుక్కుమంటె ఎండినట్టు, మెత్తగ దిగితె ఇంకొక రోజు." కొరికాక నా ముఖం కాదు, గింజ విరిగిన చోటు చూసేది. తర్వాత జల్లించిన బూడిదలో కలిపి కుండలో పోసి, గుడ్డ కట్టి, మట్టితో మూతి మెత్తేది. సొర గింజలకూ బీర గింజలకూ అదే పద్ధతి. తొలకరికి తీసి వేస్తే ఒక్కటి తప్పిపోయినట్టు నాకు గుర్తులేదు. బూడిద తేమను పీల్చుకుంటుందనీ, పురుగును దగ్గరికి రానివ్వదనీ చాలా ఏళ్లకు చదువుకున్నాను.

ఫ్రిజ్ మీద నా కోపానికి మాత్రం కారణం నాంపల్లి. 2020, 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి మాడిపోయాయి గుర్తుందా? ఆ దిగులుతో ఆ తర్వాత ఒక జనవరిలో, నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజుల్లో అక్కడికి దగ్గర్లో ఒక దుకాణంలో వేప విత్తనాలు కొన్నాను. ఫ్రిజ్ లోంచి తీసిచ్చారు, చల్లగా ఉన్నాయి. వంద పెట్టాను, ఒక్కటీ మొలవలేదు. చలే చంపిందని ఇక్కడే రాశాను.

అది తప్పు. రేల ఎందుకు బతికింది, వేప ఎందుకు చచ్చింది అని పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే నా వాదన నిలబడలేదు. వేప జూన్, జూలైలలో పండుతుంది. మామూలు గదిలో దాని గింజ రెండు మూడు వారాలకే నీరసిస్తుంది, రెండు నెలలు దాటితే దాదాపు పనికిరాదు. జనవరిలో నేను కొన్నవి బహుశా ఫ్రిజ్ ఎక్కకముందే చచ్చాయి. సరిగా ఆరకుండానే ఎక్కి ఉంటే చలి కూడా దెబ్బతీసేదే. పచ్చి వేప గింజ చలికి ఓర్వదు. బాగా ఆరిన గింజకు అదే చలి ఆయుష్షు పోస్తుంది.

రేల, తుమ్మ, చింత ఎండితే నిలుస్తాయి. మామిడి టెంకను ఎండబెడితే లోపలి ప్రాణం పోతుంది. ఇ.హెచ్. రాబర్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు 1973లో ఈ రెండు రకాలకూ పేర్లు పెట్టాడు, ఆర్థొడాక్స్, రికాల్సిట్రంట్ అని. నా లెక్కన మాట వినేవి, మొండివి. కాఫీ గింజ రెంటికీ చెందదని 1990లో తేలి, మధ్యరకం అని మూడో పేరు వచ్చింది. వేప ఏ గూటిదో శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. మాట వినే గింజలకు హారింగ్టన్ అనే ఆయన చెప్పిన లెక్క ఉంది: తేమ 1 శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు, వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, కంది, శనగ విత్తనాలను 15 డిగ్రీల చల్లదనంలో, గాలిలో తేమ 15 శాతం ఉండే గదిలో ఆరబెట్టి, గాలి చొరకుండా మూసి, సున్నాకు 20 డిగ్రీల దిగువన దాస్తారు. ఆరబెట్టడం ముందు, చలి తర్వాత. తడి గింజను గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచు పలుకులై కణాలను చీల్చేస్తుంది. ఇంటి ఫ్రిజ్‌లో కాగితం పొట్లం పెడితే గింజ తేమ పీల్చుకుంటుంది. గాజు సీసాలో పెట్టినా, బయటికి తీయగానే మూత తెరిస్తే గింజలకు చెమ్మ పడుతుంది. సీసా గది వేడికి వచ్చేదాకా ఆగాలి.

నాయనమ్మ ఎండ కూడా వేపకు పనికిరాదు. దానికి నీడే కావాలి.

పబ్లిక్ గార్డెన్స్‌లో ఇప్పుడు వేపపండ్లు రాలుతున్నాయి. నిన్న పొద్దున రెండు వందల దాకా ఏరుకొచ్చి, గుజ్జు పిసికి కడిగాను. వేళ్లకు ఆ జిగట ఇంకా వదల్లేదు. సగం నిన్న సాయంత్రమే మట్టి నింపిన కవర్లలో నాటేశాను. మిగతా సగం వరండాలో, ఎండ తగలని మూల పాత చీర మీద ఆరుతున్నాయి. ఆరాక గాజు సీసాలో పోసి, మూత బిగించి మా ఫ్రిజ్‌లోనే పెడతాను. సెప్టెంబరు చివర ఒక గింజను నిలువునా కోసి చూస్తాను. పప్పు ఆకుపచ్చగా ఉంటే బతికున్నట్టు. పసుపు తిరిగితే ఆ సంగతీ ఇక్కడే రాస్తాను.