ఎనిమిది వారాల హక్కు

జర్మనీకి కొత్తగా వచ్చిన మన విద్యార్థులు లాస్ట్‌ష్రిఫ్ట్ అంటే జంకుతారు. ఫోన్ కంపెనీకో జిమ్‌కో ఒక్కసారి అనుమతి ఇస్తే, నెలనెలా వాళ్లే మన ఖాతాలోంచి డబ్బు తీసుకుంటారు. "ఎక్కువ లాగేస్తే ఎలా అంకుల్?" అని అడుగుతారు. నిజానికి నేను ఇక్కడ నిశ్చింతగా కట్టేది ఆ పద్ధతిలోనే. డబ్బు పోయిన ఎనిమిది వారాల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి రప్పించుకోవచ్చు. అసలు అనుమతే ఇవ్వకపోతే గడువు పదమూడు నెలలు. అయితే డబ్బు వెనక్కి వచ్చినంత మాత్రాన నిజంగా ఉన్న బాకీ తీరిపోదు, అది కట్టాల్సిందే.

ఈ హక్కులిచ్చే బీజీబీ అనే జర్మన్ పౌర చట్టం 1900 నుంచి అమల్లో ఉంది. అందులో 675సి నుంచి 676సి వరకు ఉన్న సెక్షన్లు బ్యాంకు చెల్లింపులవి. వాటిలో నాకు బాగా నచ్చింది 675డబ్ల్యూ. మనం చేయని చెల్లింపు జరిగితే, "మీ కార్డు, మీ పిన్ వాడినట్టు మా రికార్డులో ఉంది" అని బ్యాంకు చేతులు దులుపుకోలేదు. ఆ రికార్డు ఒక్కటే రుజువుగా సరిపోకపోవచ్చని చట్టమే చెబుతోంది. కంప్యూటర్ చెప్పిందే వేదమయ్యే రోజుల్లో మామూలు మనిషి మాటకు ఇంత విలువ ఇవ్వడం గొప్ప సంగతి.

మనం పంపిన డబ్బు దగ్గర మాత్రం ఇదే చట్టం కఠినం. 675ఆర్ ప్రకారం బ్యాంకుకు ఐబాన్ అనే ఖాతా నంబరే ప్రమాణం. పొరపాటున వేరొకరి నంబరు కొడితే, వెనక్కి తెచ్చే ప్రయత్నంలో బ్యాంకు సాయపడాలి, అంతే. అవతలివాడు ఇవ్వనంటే కోర్టుకు వెళ్లాల్సింది మనమే. ఈ భారమంతా మనిషి మీద మోపడం అన్యాయమని చాలాకాలం అనుకున్నాను. 2025 అక్టోబరు నుంచి యూరో దేశాల బ్యాంకులు డబ్బు పంపే ముందే పేరు, ఐబాన్ సరిపోతున్నాయో లేదో చూసి చెప్పాలి. ఎప్పుడో రావాల్సిన నిబంధన ఇది. ఆ హెచ్చరిక కనిపిస్తే, ఇంటి ఓనరు ఎంత తొందరపెట్టినా ఆగండి.

నెలనెలా స్టేట్‌మెంట్ పైనుంచి కిందిదాకా చదవండి. చూడకపోతే ఎనిమిది వారాలు ఇట్టే గడిచిపోతాయి. కార్డు పోతే వెంటనే బ్యాంకుకు గానీ, కార్డులు ఆపించే 116 116 నంబరుకు గానీ ఫోన్ చేయండి. ఆ కబురు అందాక కార్డుతో ఎవరు ఎంత తీసినా, మోసం మీది కానంతవరకు నష్టం బ్యాంకుదే.