అమెరికా శ్రమగేయాలు - డాక్యుమెంటరీ చిత్రాలు

అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ పాటల మీద, కొండప్రాంతపు పేద తెల్లవారి జానపద గేయాల మీద వచ్చిన డాక్యుమెంటరీ చిత్రాలంటే మనలో చాలామందికి మక్కువ. పీడితుల పాట తెరమీద వినబడింది గనుక ఆ చిత్రం పీడితుల పక్షాన ఉన్నట్టేనని తొందరపడి తీర్మానించేవారూ ఉన్నారు. ఈ తీర్మానం నాకు సమ్మతం కాదు. పాడే మనిషి ఏ పని చేస్తూ, ఎవరి అదుపులో ఉండి పాడుతున్నాడో చూపించని చిత్రం ఎంత మధురంగా ఉన్నా సగం అబద్ధమే చెబుతుంది.

1935లో 'మార్చ్ ఆఫ్ టైమ్' వార్తాచిత్రం వారు తెరకెక్కించిన లెడ్‌బెల్లీ కథ చూడండి. లూసియానాలోని అంగోలా జైలులో ఉన్న ఈ గాయకుని పాటలను జానపద గేయ సేకర్త జాన్ లోమాక్స్ 1933లో రికార్డు చేశాడు. మరుసటి ఏడు లెడ్‌బెల్లీ విడుదలయ్యాడు. సత్ప్రవర్తనకు శిక్ష తగ్గించే నిబంధన కింద ఆ విడుదల జరిగిందని జైలు అధికారులే తరువాత తేల్చిచెప్పారు. చిత్రంలో మాత్రం అతడు ఖైదీ దుస్తులు తొడుక్కొని తన పాత్ర తానే ధరించి, పాట వల్ల క్షమాభిక్ష పొందినట్టు, కృతజ్ఞతతో లోమాక్స్‌కు ఊడిగం చేస్తానని వేడుకొన్నట్టు నటించవలసి వచ్చింది. ఆ సంవత్సరమే ఇద్దరూ డబ్బు దగ్గర తగవుపడి విడిపోయారు. ఆ తగవును ఏ వార్తాచిత్రమూ చూపలేదు. తరువాత వాషింగ్టన్ నగరపు వర్ణవివక్ష మీద 'బూర్జువా బ్లూస్' కట్టినవాడూ ఈ లెడ్‌బెల్లీయే.

జాన్ కోహెన్ 1963 నాటి చిత్రం 'ది హై లోన్‌సమ్ సౌండ్' ఇంతకంటె ఎంతో నిజాయితీ గలది. కెంటకీ బొగ్గుగనుల సీమలో డైసీ అనే చిన్న ఊరివాడు రాస్కో హోల్కమ్. గనులలోనూ కలప మిల్లులలోనూ ఒళ్లు హూనం చేసుకొన్న మనిషి. కోహెన్ అక్కడి నిరుద్యోగాన్ని దాచలేదు. అయినా పట్నాల యువకులు ఆ గొంతులోని ఒంటరితనాన్ని పట్టుకొని గనిని వదిలేశారు. ఇందులో తప్పు చిత్రానిది కొంత, చూసినవారిది కొంత.

నేను అన్నిటికంటె విలువైనదిగా ఎంచేది అరగంట చిత్రం. 1966 మార్చిలో పీట్ సీగర్, భార్య తోషి, కొడుకు డాన్, పరిశోధకుడు బ్రూస్ జాక్సన్‌తో కలిసి టెక్సాస్‌లోని హంట్స్‌విల్ దగ్గర ఎల్లిస్ జైలుకు వెళ్లి తీశారు. (కాంగ్రెస్ విచారణ సంఘానికి జవాబులు చెప్పనన్నందుకు సీగర్‌కే 1961లో ఏడాది శిక్ష పడి, మరుసటి ఏడు అప్పీలులో రద్దయింది. కెమెరాతో జైలు గేటు దాటేటప్పుడు ఆయనకది గుర్తుకు రాకుండా ఉంటుందా?) నల్లజాతి ఖైదీలు చెట్టు చుట్టూ చేరి గొడ్డళ్లతో నరుకుతుంటారు. ఒకడు ఎత్తుకొంటాడు, తక్కినవారు అందుకొంటారు. లయ తప్పితే పక్కవాడి గొడ్డలి తగులుతుంది. అందరి వేటూ ఒక్కసారే పడుతుంది గనుక నీరసించినవాడెవడో కాపలావాడు పోల్చుకోలేడు. వాడు శిక్ష తప్పించుకొంటాడు. జాక్సన్ తన పరిశోధనలో వివరించిన విషయమిది. ఈ పనికి కూలి లేదు. బానిసత్వాన్ని రద్దుచేసిన 1865 నాటి 13వ రాజ్యాంగ సవరణే, నేరానికి శిక్షగా వెట్టి చేయించవచ్చునని సందు వదిలింది. టెక్సాస్ జైలు పొలాలలో కొన్ని ఒకప్పటి బానిసల తోటలే గదా! అధికారుల అనుమతితో తీసిన చిత్రమన్న సంగతీ మరవరాదు. కాపలావాడి ఎదుట ఏ ఖైదీ మనసు విప్పుతాడు?

యంత్రాలు వచ్చి, జైళ్లలో వర్ణాల వారీ విభజన పోయి, క్రమంగా ఆ పాటలు ఆగిపోయాయి. యువ ఖైదీలకు వాటిలో బానిసకాలపు వాసన కొట్టింది. ఇంత గొప్ప కళ నశించిందే అని నిట్టూర్చే రసికులను ఎరుగుదును. ఆ యువకుల రోషమే నాకు ఎక్కువ విలువైనదిగా కనబడుతుంది. పాట బతకటం కోసం వెట్టి బతకాలా? ఆ వెట్టి ఎలాంటిదో, దానికింద మనుషులు ఒకరినొకరు ఎలా కాచుకొన్నారో చెప్పే సాక్ష్యంగా ఈ చిత్రాన్ని భద్రపరచవలసిందే.

పాట తానుగా పోరాటానికి దిగినప్పుడు కెమెరా ఎక్కడ ఉండాలో 1976లో బార్బరా కోపుల్ 'హార్లన్ కౌంటీ, యు.ఎస్.ఎ.'లో చూపింది. అదే కెంటకీలో బ్రూక్‌సైడ్ గని కార్మికులు 1973లో ప్రారంభించిన సమ్మె పదమూడు నెలలు సాగి, ఒక యువ కార్మికుడు తుపాకి గుండుకు బలైన తరువాతనే ఒప్పందంతో ముగిసింది. కోపుల్ బృందం కార్మికుల మధ్యనే ఉండి, పికెటింగ్‌లో వారితోపాటు దెబ్బలు తిన్నది. సమ్మె సభలో ఫ్లోరెన్స్ రీస్ పాడుతుంది. 1931లో యూనియన్ కార్యకర్త అయిన భర్త కోసం షెరీఫ్ మనుషులు ఇంటిమీద పడినప్పుడు, ఎవరి పక్షాన నిలుస్తావని నిలదీస్తూ ఆమె కేలెండరు కాగితం మీద రాసుకొన్న పాట అది. గొంతు వయసుకు అరిగిపోయింది. సంగీతజ్ఞులు మెచ్చరు. సభ మాత్రం వింటుంది. 1984-85 బ్రిటిష్ గని కార్మికుల సమ్మె కాలంలో ఆ పాటకే కొత్త మాటలు కట్టి బిల్లీ బ్రాగ్ రికార్డు చేశాడు.