ఇంజిన్ మీద రంగు నిలవాలంటే

పాత కాలపు కథ సినిమాగా మొదలైందంటే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లకు చేతినిండా పని. దుకాణం బోర్డు దగ్గర్నుంచి గోడ గడియారం దాకా అన్నీ ఆ కాలానివే కావాలి. ఇక వీధిలో తిరిగే బండి సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో వంతెన సన్నివేశం గుర్తుచేసుకోండి: ఒకరు గుర్రం మీద, ఒకరు మోటార్‌సైకిల్ మీద. కథ 1920ల నాటిది కనుక ఆ బండి కూడా ఆనాటిదిగానే కనబడాలి. 2019 నాటి జార్జ్‌రెడ్డి చిత్రంలోనైతే ఉస్మానియా విద్యార్థి నాయకుడు నడిపే రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద ఏకంగా ఒక పాటే ఉంది.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఇలాంటి అవసరాల కోసం పాత బళ్లను బాగుచేయించేటప్పుడు అందరి శ్రద్ధా ట్యాంకు మీదే ఉంటుంది. గీతలు, బ్యాడ్జీ, మెరుపు, అన్నీ అక్కడే. ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి ఒక సిల్వర్ డబ్బా తెచ్చి నట్టుబోల్టులతో సహా కొట్టేస్తారు. పాత బళ్లు తెలిసినవాళ్ల కన్ను మొదట పడేది అక్కడే. షూటింగ్ నాలుగు రోజుల్లో అయిపోతుంది, బండి యజమాని ఇంటికి చేరుతుంది. ఆ తర్వాత మొదటి ఎండాకాలానికే హెడ్ మీద రంగు పచ్చబడుతుంది, బారెల్ మీద పొక్కులు లేస్తాయి, పెట్రోలు చుక్క పడ్డచోట రంగు జిగురై చేతికి అంటుకుంటుంది. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న బండికి ఇది అన్యాయం.

ఇంజిన్ మొత్తానికి ఒకే పెయింట్ పనికిరాదు. ముందు ఏ భాగం ఎంత వేడెక్కుతుందో చూడాలి, డబ్బా సంగతి తర్వాత. గాలితో చల్లబడే ఇంజిన్‌లో కింద ఉండే క్రాంక్‌కేస్ మామూలుగా 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. బారెల్, హెడ్ మీద ఫిన్ల దగ్గర 150 నుంచి 200 దాకా పోతుంది. ఎగ్జాస్ట్ పోర్టు నుంచి బయటికొచ్చే బెండ్ పైపు మొదట్లో 400 దాటడం మామూలే, గట్టిగా నడిపితే ఇంకా పైకి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్న బండిని ఊహించుకోండి. ఫిన్ల మధ్య గాలి ఆడదు. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కివచ్చిన వేడి అలాగే నిలిచి ఉంటుంది. రంగుకు అసలు పరీక్ష అప్పుడే.

ఏ బండి ఏ లోహంతో తయారైందో తెలుసుకోవడం ఆ తర్వాతి పని. 1955 నుంచి మద్రాసులో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు బారెల్ కాస్ట్ ఐరన్, హెడ్ అల్యూమినియం. 2009, 2010 ప్రాంతంలో కొత్త ఇంజిన్లు వచ్చేదాకా ఆ ఐరన్ బారెల్ కొనసాగింది. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో 1961 నుంచి 1996 దాకా వచ్చిన జావా, యెజ్డీలకూ పాత మోడళ్లలో బారెల్ ఇనుమే. ఇనుము తుప్పు పడుతుంది కనుక దానికి నల్లరంగు తప్పనిసరి. అల్యూమినియం తుప్పు పట్టదు. తెల్లటి పొర పట్టి మసకబారుతుంది, అంతే. అందుకే పక్కనుండే కవర్లను ఫ్యాక్టరీలో పాలిష్ చేసి వదిలేశారు. ఫ్యాక్టరీ పాలిష్ చేసి వదిలినదానికి మనం రంగు వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మంచి బఫింగ్ చేయిస్తే చాలు. పైన క్లియర్ లాకర్ కూడా వద్దు, వేడికి అది పసుపెక్కుతుంది.

మామూలు ఎనామిల్‌లో రంగుపొడిని పట్టి ఉంచే జిగురు కార్బన్ గొలుసులతో తయారైంది. 150 డిగ్రీలు దాటాక ఆ గొలుసులు తెగడం మొదలవుతుంది. రంగు ముందు పసుపెక్కి, తర్వాత పెళుసై రాలుతుంది. వేడిని తట్టుకునే పెయింట్లలో జిగురు సిలికోన్ రెసిన్. అందులో గొలుసు సిలికాన్, ఆక్సిజన్‌లది. ఈ బంధం కార్బన్ బంధం కన్నా బలమైనది. 1940లలో అమెరికాలో పరిశ్రమగా నిలదొక్కుకున్న ఈ సిలికోన్ల వల్లే ఇంజిన్లకూ పొగగొట్టాలకూ రంగు నిలవడం సాధ్యమైంది. వేడి బాగా పెరిగినప్పుడు రెసిన్‌లోని కార్బన్ భాగం కాలిపోయినా, మిగిలిన సిలికా పొర అల్యూమినియం రేకుల్లాంటి పొడిని లోహానికి అంటిపెట్టుకునే ఉంచుతుంది. వెండిరంగు అన్నిటికన్నా ఎక్కువ వేడికి నిలవడానికి కారణం అదే. నలుపులో తేడా ఉంది: మామూలు నల్లపొడి అంటే మసి, ఎక్కువ వేడిలో అది కాలిపోతుంది. మంచి హీట్ రెసిస్టెంట్ నలుపులో లోహ ఆక్సైడ్లు వాడతారు.

డబ్బా మీద హీట్ రెసిస్టెంట్ అని రాసి ఉంటే చాలదు, ఎన్ని డిగ్రీలకో చూడాలి. అల్యూమినియం హీట్ రెసిస్టెంట్ పెయింట్‌కు మన దేశంలో ఐఎస్ 13183 అనే ప్రమాణం ఉంది. 600, 400, 200 డిగ్రీలకు వేర్వేరు గ్రేడ్లు. 600 గ్రేడ్ ఉంది కదా, ఇంజిన్ అంతటికీ అదే కొడదాం అనిపిస్తుంది. అక్కడే పొరపాటు. అంత ఎక్కువ వేడికి చేసిన పెయింట్ గట్టిపడాలంటే దానికీ బాగా వేడి తగలాలి. 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉండే క్రాంక్‌కేస్ మీద అది పచ్చిగానే ఉండిపోయి, పెట్రోలు తగలగానే కరుగుతుంది. క్రాంక్‌కేస్‌కు టూ ప్యాక్ పాలీయురేథేన్ గానీ మంచి ఇంజిన్ ఎనామిల్ గానీ సరిపోతుంది, పెట్రోలుకూ ఆయిలుకూ అది బాగా నిలుస్తుంది. బారెల్, హెడ్‌కు సుమారు 300 డిగ్రీలు తట్టుకునే ఇంజిన్ ఎనామిల్. క్రోమ్ లేని బెండ్ పైపుకు మాత్రమే 600 గ్రేడ్. పౌడర్ కోటింగ్ గురించి చాలామంది అడుగుతారు. చూడ్డానికి బాగుంటుంది, కవర్లకు పరవాలేదు. కానీ ఫిన్ల మధ్య మందంగా పేరుకుంటుంది కనుక బారెల్‌కు నేను ఒప్పుకోను.

మందం గురించి ఇంకాస్త చెప్పాలి. రంగు పొర మందమైతే ఇంజిన్‌కు కంబళి కప్పినట్టే. సిలికోన్ పెయింట్ ఆరాక ఒక్కో కోటు 20, 25 మైక్రాన్లకు మించకూడదు. అలాంటివి రెండు పలుచని కోట్లు చాలు. మందంగా కొడితే పైపొర ముందు బిగుసుకుని, లోపలి థిన్నర్ ఆవిరి బయటికి రాలేక పొక్కులు తెస్తుంది. పలుచని నల్లరంగు వల్ల ఒక మేలు కూడా ఉంది: మెరిసే లోహం కన్నా నల్లటి ఉపరితలం వేడిని ఎక్కువగా బయటికి వెదజల్లుతుంది. ఇంజిన్‌ను ప్రధానంగా చల్లబరిచేది గాలే అయినా, ట్రాఫిక్‌లో గాలి ఆడనప్పుడు ఈ చిన్న సాయం కూడా పనికొస్తుంది.

రంగు నిలిచేదీ రాలిపోయేదీ చాలావరకు స్ప్రే గన్ పట్టుకోకముందే తేలిపోతుంది. ఇంజిన్ విప్పిన తర్వాతే రంగు వేయాలి. బండి మీదుండగా న్యూస్‌పేపర్ చుట్టి కొట్టే పని నిలవదు. ముందు కిరోసిన్‌తో జిడ్డు వదిలించి, తర్వాత సబ్బునీటితో కడగాలి. ఎందుకంటే కిరోసిన్ కూడా ఒక జిడ్డుపొరను వదులుతుంది. అల్యూమినియం మీద కాస్టిక్ సోడా వాడనే వాడకూడదు, లోహాన్నే తినేస్తుంది. పాత రంగు తీయడానికి గ్లాస్ బీడ్ బ్లాస్టింగ్ మేలు. ఇసుక బ్లాస్టింగ్ ధూళి పనివాడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఒక్క ఇసుక రేణువు ఆయిల్ దారిలో ఉండిపోయినా బేరింగ్‌కు ముప్పు తెస్తుంది. ఏది వాడినా పోర్టులు, బోరు, మరలు, ప్యాకింగ్ కూర్చునే ముఖాలు గట్టిగా మూయాలి. చివర్లో అసిటోన్‌తో తుడిచాక వట్టి చేత్తో ముట్టుకోకూడదు. కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసే అలవాటు చాలామందికి ఉంది. పైన ఎంత ఖరీదైన పెయింట్ కొట్టినా, మామూలు ఆల్కిడ్ రెడ్ ఆక్సైడ్ వేడికి వదిలేస్తే రెండూ కలిసే ఊడొస్తాయి. తయారీదారు చెప్పిన ప్రైమర్ ఉంటే వేయాలి, వద్దంటే నేరుగా లోహం మీదే కొట్టాలి.

ఇక వేడితో పండించడం. ఇంజిన్ ఎనామిళ్లలో చాలావాటికి 90, 100 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు చాలు. బెండ్ పైపు పెయింట్‌ను మాత్రం మెట్లు మెట్లుగా వేడెక్కించి, మధ్యమధ్యలో చల్లార్చాలి: 120, 200, 315 డిగ్రీలు, ఒక్కోదానికి అరగంట. ఇంజిన్ స్టార్ట్ చేసి వదిలేస్తే అదే పండుతుందని చాలామంది సలహా ఇస్తారు. బోరు చేయించి కొత్త పిస్టన్, రింగులు వేసిన ఇంజిన్‌కు ఆ సలహా ప్రమాదకరం. నిలబెట్టి ఎక్కువసేపు ఐడిల్‌లో నడిపితే గాలి లేక వేడెక్కుతుంది, రింగులు బోరుకు సరిగ్గా కుదురుకోవు. రంగు కోసం బోరును పాడుచేసుకున్నట్టవుతుంది. అందుకే బారెల్, హెడ్ బిగించకముందే ఓవెన్‌లో పండించాలి, వంటకు వాడే ఓవెన్‌లో కాదు. ఆయిల్ సీల్స్ అప్పటికి వేయకూడదు, రబ్బరు తట్టుకోదు. అల్యూమినియం హెడ్‌ను 200 డిగ్రీలు దాటించకూడదు, లోహం బలం తగ్గే అవకాశం ఉంటుంది.

జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ అభిమానుల రోజు. హైదరాబాద్‌లోనూ ఆ పొద్దున పాత బళ్లు రోడ్డెక్కుతాయి. అక్కడ ట్యాంకు కాకుండా ఫిన్ల లోపలి అంచులు చూడండి. అంచుల్లో రంగు నిలిచి ఉందంటే ఎవరో ఓపికగా, పలుచగా, సరిగ్గా పండించి వేశారన్నమాట.

సినిమాకు బండి ఇచ్చేవాళ్లు ఒక షరతు ముందే మాట్లాడుకోవాలి. కథ కోసం బండి పాతగా, మట్టికొట్టుకుని కనబడాలంటే ఇంజిన్ మీద రంగు కొట్టించవద్దు, మరకల కోసం యాసిడ్ వాడనివ్వవద్దు. పండిన పెయింట్ మీద మట్టినీళ్లు, ఫుల్లర్స్ ఎర్త్ లాంటి పొడి చల్లితే కెమెరాకు చాలు, షూటింగ్ అయ్యాక నీళ్లతో పోతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం నీళ్లు కొట్టనివ్వకండి, ముఖ్యంగా ఐరన్ బారెల్ మీద. అది చల్లారడానికి గంటైనా ఆగమనండి.