దారికి అడ్డం వచ్చినవాళ్ళు

"అమ్మా, ఇవాళ పదిహేడు ఎన్‌కౌంటర్లు!" అన్నాడు మా పెద్దాడు, కంచం ముందు కూర్చుంటూ.

నా చేతిలో గరిట చేతిలోనే ఆగిపోయింది. ఎన్‌కౌంటర్ అన్నది మన తెలుగువాళ్ళకి పేపర్లో చదివే మాట. అడవీ, తుపాకులూ, వరసగా పడుకోబెట్టిన శవాలూ... ఆ మాట వింటే నా కళ్ళముందు కదిలేవి అవీ. పదహారేళ్ళ కుర్రాడు చారన్నం కలుపుకుంటూ అంత తేలిగ్గా అనేస్తే ఏ తల్లి గుండె గుభేలుమనదు చెప్పండి!

తీరా ఆరా తీస్తే అది వీడియో గేము సంగతి. రోల్ ప్లేయింగ్ గేమ్ అని ఒక జాతి ఉందిట. మనం ఒక వీరుడి వేషం కట్టుకుని కొండలూ కోనలూ తిరుగుతూ ఉంటే దారిలో శత్రువు తారసపడతాడు. దాన్నే ఎన్‌కౌంటర్ అంటారు. "నీకెందుకా గోల, నీ సీరియల్ నువ్వు రాసుకోక" అన్నారు మావారు. సీరియల్ రాసేదాన్ని కనుకనే వినిపించుకోలేదు. కథలోకి శత్రువు ఎప్పుడు రావాలి, ఎలా రావాలి, వచ్చినవాడు ఏమైపోవాలి అన్నది నాకు అన్నం పెట్టే ప్రశ్న. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ఆదివారాలు ఆ ఆటలు చూశాను, కొంత ఆడాను కూడా. నవ్వకండి. రెండో ఆదివారానికి పప్పు మాడ్చాను.

వాడు మొదట చూపించింది డ్రాగన్ క్వెస్ట్. 1986లో జపానులో యూజీ హోరీ అనే ఆయన తయారుచేస్తే ఎనిక్స్ కంపెనీ అమ్మిన ఆట. ఇప్పుడు ఫోన్లో కూడా దొరుకుతోంది. రాజుగారి కోట దగ్గర మొదలు. కోట గడప దాటి నాలుగడుగులు వేస్తామో లేదో, ఉన్నట్టుండి దృశ్యం మారిపోతుంది. ఎదురుగా స్లైమ్ అనే జీవి. నీలంగా, నీటిబొట్టులా, పళ్ళికిలించి నవ్వుతూ ఉంటుంది. బొమ్మ గీసింది అకీరా తొరియామా. కొట్టడమా, మంత్రం వెయ్యడమా, సంచిలో వస్తువు తియ్యడమా, పారిపోవడమా, మనమే తేల్చుకోవాలి. పారిపోదామన్నా అన్నిసార్లూ కాళ్ళు సాగవు. అది దారి కాస్తుంది.

ఈ రావడంలో ఉంది కిటుకంతా. మనం వేసే ప్రతి అడుగుకీ లోపల ఆ మిషను మనకు కనపడకుండా ఒక పందెం వేస్తుందిట. పడితే శత్రువు, లేకపోతే లేదు. మైదానంలో ఆ పందెం పడటం తక్కువ, కొండల్లో ఎక్కువ. వాడు ఇంతవరకు చెప్పగానే నాకు వైకుంఠపాళి గుర్తొచ్చింది. మా అమ్మమ్మగారింట్లో శివరాత్రి జాగారానికి ఆడేవాళ్ళం. అందులోనూ అంతే. పైదాకా పాక్కుంటూ పోయినదాన్ని పెద్దపాము మింగితే మళ్ళీ మొదటికి. అయితే ఒక తేడా ఉంది. వైకుంఠపాళిలో పాము ఎక్కడుందో కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది, పందెం మన చేతిలో గవ్వలది. ఇక్కడ గవ్వలు వేసేదీ వాళ్ళే, పాముని దాచేదీ వాళ్ళే. పైగా పాముతో మాటాపలుకూ ఉండదు, అది విధి. స్లైముకు కళ్ళున్నాయి, నవ్వుంది. విధికి ముఖం పెట్టేసరికి అది శత్రువైంది.

చెప్పొద్దూ, ఆ భయం నాకు నచ్చింది. ఆ ఆటలో నేను మెచ్చుకునేదల్లా అదే. వంతెనలు ఉంటాయి. వంతెన దాటితే అవతల ఇంకా బలమైన శత్రువులు. ఎవరూ బోర్డు పెట్టి చెప్పరు, ఒకసారి దెబ్బతిన్నాక మనకే తెలుస్తుంది. చిన్నప్పుడు మా నందిగామ ఆడపిల్లలకు మునేరు వంతెన అలాంటిదే. ఇవతల అందరూ బాబాయిలూ పిన్నులూ. కీసర దాటామా, బెజవాడ దాకా ఎవరు ఎవరో తెలీదు. ఆటలో చచ్చిపోతే రాజుగారు నాలుగు చీవాట్లు పెట్టి మళ్ళీ పంపిస్తాడు. చేతిలో డబ్బు సగం పోతుంది కానీ నేర్చుకున్నది పోదు. ఇది మాత్రం బాగా తెలిసినవాడు రాసిన ఏర్పాటు అనిపించింది.

ఆ భయాన్ని వాళ్ళే చేజేతులా పాడుచేసుకున్నారు. స్లైముని కొడితే కాస్త అనుభవం, కాస్త బంగారం. ఆ అనుభవం పోగైతే బలం పెరుగుతుంది. బలం లేనిదే వంతెన దాటలేం. ఇంకేముంది, మా వాడు కోట చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ ఎదురైన ప్రతి స్లైమునీ వడ్లు దంచినట్టు దంచుతున్నాడు. పదిహేడు అన్నది ఆ లెక్క. మొదట్లో గుండె ఝల్లుమన్న చోట ఇప్పుడు ఆవలింత. "ఒరేయ్, ఆ నీటిబొట్టు దగ్గర బంగారం ఎందుకుందిరా? జేబైనా లేదే" అన్నాను. "గేమ్ అమ్మా" అన్నాడు. వాళ్ళ నాన్న ఏదైనా అడిగితే నేను "సీరియల్ అండీ" అంటానే, అచ్చు ఆ గొంతే!

ఇంకొక విశేషం చూడండి. మనకి బాగా బలం వచ్చాక స్లైము ఒక్కోసారి మనల్ని చూడగానే తనే పారిపోతుంది. మా వాడికి అది నవ్వులాట. నాకెందుకో నవ్వు రాలేదు. ఎదురైనవాళ్ళు పరుగెత్తుతుంటే ఆ దారిలో దొంగ ఎవరన్నట్టు?

ఈ మాట అనడానికి మా ఊరే కారణం. నా పుట్టిల్లు జగ్గయ్యపేట. 2022 నుంచి మా మెట్ట ప్రాంతమంతా ఎన్టీఆర్ జిల్లా అయిందిగానీ మా నోటికింకా కృష్ణాజిల్లాయే. జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలు. "దొంగల బేతవోలే అమ్మాయ్" అనేది మా అమ్మమ్మ. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దాన్ని పట్నంగా పెంచి, తండ్రి జగ్గయ్యగారి పేరు పెట్టాడు. ఆయన గురించి కృష్ణకి రెండు ఒడ్డులా చెప్పుకునే కథ ఒకటుంది. దోపిళ్ళు చేస్తున్నారని కోపమొచ్చి చెంచులను విందుకని పిలిపించి, వచ్చిన మగవాళ్ళందరి తలలూ నరికించాడట. ఆ చోటికే నరుకుళ్ళపాడు అని పేరొచ్చిందంటారు. ఆ తర్వాత ఆయన భోజనానికి కూర్చుంటే విస్తట్లో మెతుకులు పురుగులై కదిలేవట. ఆ బాధ భరించలేక అమరావతి చేరి, అమరేశ్వరుడి గుడి బాగుచేయించి, ఇంకా ఎన్నో గుళ్ళకి దానధర్మాలు చేసి, 1816లో కన్నుమూశాడు. నిజమెంతో పైవాడికెరుక. కానీ కథ చెప్పిన పల్లెవాళ్ళు శత్రువుని చంపినవాడికి అన్నం సహించకుండా చేశారు చూశారా! డ్రాగన్ క్వెస్టులో వీరుడు సత్రంలో పడుకుని లేస్తే ఒంట్లో నలత కూడా ఉండదు.

ఈ కథ మా వాడికి చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లాప్‌టాప్ తెచ్చి "అయితే ఇది చూడు" అని అండర్‌టేల్ అనే ఆట పెట్టాడు. 2015లో టోబీ ఫాక్స్ అనే అమెరికా కుర్రాడు, బొమ్మల దగ్గర కొంత సాయం తీసుకున్నా చాలావరకు ఒంటిచేత్తో చేసింది. ఇందులోనూ దారిలో శత్రువులు హఠాత్తుగానే వస్తారు. కొట్టడం ఒక్కటే కాదు, మాట్లాడొచ్చు, విడిచిపెట్టొచ్చు. మొట్టమొదట ఒక కప్ప ఎదురైంది. దాన్ని కొట్టకుండా కాస్త పొగిడాం. మన భాష దానికి అర్థం కాలేదు, అయినా మురిసిపోయింది! ఇక యుద్ధమేముంది, దాని దారి దానిది, మన దారి మనది.

అలా కాదు, అందర్నీ చంపుతానని పట్టుబడితే చంపొచ్చు కూడా. అప్పుడేమవుతుందో మా వాడే చెప్పాడు, ఆడి చూపించమంటే తల అడ్డంగా ఊపాడు. ఊళ్ళు ఖాళీ అయిపోతాయిట. నడుస్తూంటే ఎప్పటిలాగే దృశ్యం మారుతుంది, కత్తి ఎత్తేసరికి ఎదురుగా ఎవరూ ఉండరు. ఎవరూ రాలేదని ఒక్కముక్క మాత్రం తెర మీద పడుతుంది. అనుభవం, అనుభవం అని కూడబెట్టుకున్న అంకెలు చంపిన లెక్కలని చివర్లో తేలుతుంది. విస్తట్లో పురుగులంటే ఇవే కదూ!

అలాగని అండర్‌టేల్‌ని నెత్తిన పెట్టుకోలేను. ఒకటి రెండు గంటలయ్యాక, ఏ జీవికి ఏ మాట చెబితే శాంతిస్తుందో మా వాడు గైడులో ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టినట్టు పడుతున్నాడు. దయ కూడా ఒక బటనైంది. అక్కడక్కడా ఆ రచయిత మన భుజం తట్టి "చూశావా, ఎంత మంచివాడివో" అంటున్నట్టు ఉంటుంది. నాకది గిట్టదు. పాత డ్రాగన్ క్వెస్టులో ఆ భోళాతనమే నయం.

వీటికంటే మంచి ఎన్‌కౌంటర్ మా అమ్మమ్మది. కొత్త కాపురానికి నందిగామ నుంచి జగ్గయ్యపేటకి ఎద్దుబండిలో వస్తోందిట. 30 కిలోమీటర్ల లోపే. ఇవాళ బస్సెక్కి ఒక కునుకు తీసేలోగా వచ్చేస్తుంది, అప్పుడు రాత్రంతా ప్రయాణం. నగలు మూటకట్టి బండిలో గడ్డి కింద దాచారు. చిల్లకల్లు దరిదాపుల్లో చీకట్లోంచి ఒక మనిషి కర్రతో వచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు. బండివాడు ములుగర్ర ఎత్తాడు. ఆ మనిషి ఒక్క క్షణం చూసి, "చుట్టకి నిప్పుందా బాబూ?" అన్నాడట. ముట్టించుకుని చేలల్లోకి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ ఎనభయ్యో ఏట కూడా ఆ కథ చెప్పి, "ఏ ఊరివాడో అడిగిన పాపాన పోలేదే" అని నొచ్చుకునేది.

ఇన్ని మాటలు జపాను వాళ్ళనీ అమెరికా వాళ్ళనీ అన్నాను కదా, నా సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. కిందటి నెల పుట్టింటికి వెళుతూ నందిగామ బస్‌స్టాండులో కూర్చున్నాను. పక్కనే ఒకావిడ, నా ఈడే ఉంటుంది, నన్నోసారి, చేతిలో పత్రికలో ఉన్న నా ఫొటోనోసారి చూసి, "మీరేనాండీ ఆ సీరియల్ రాసింది?" అంది. మురిసిపోయాను. ఆ నవలలో మా హీరోయిన్‌కి ఒక ఆడబిడ్డ ఉంటుంది. మొగుడు వదిలేస్తే పుట్టింటికి చేరిన మనిషి. వారానికో గండం కావాలి కదా, ఆమె చేత నాలుగు చాడీలు చెప్పించి, పాలలో ఉప్పు కలిపించి, ఆరో వారంలో హీరోయిన్ చేత నిండు హాల్లో నాలుగు మాటలు అనిపించి పంపేశాను. ఆ వారం ఉత్తరాలు బోలెడు వచ్చాయి.

"ఆ తర్వాత ఆ ఆడబిడ్డ ఎక్కడికెళ్ళిందండీ?" అంది ఆవిడ.

నా దగ్గర జవాబు లేదు. ఏదో కథ ప్రకారం అవసరం తీరిపోయిందని నసిగాను. బస్సొచ్చింది, పక్కపక్కనే కూర్చున్నాం. తనూ పుట్టింట్లోనే ఉంటోందట, పదకొండేళ్ళుగా. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు. చిల్లకల్లులో దిగుతూ, సంచి సర్దుకుంటూ, "పేరన్నా పెట్టలేదండీ మీరు ఆ పిల్లకి, చూసుకోండి" అంది మెల్లిగా.

ఇంటికెళ్ళి ఆ ఆరు వారాల పేజీలూ తిరగేశాను. ఆడబిడ్డ వచ్చింది, ఆడబిడ్డ నవ్వింది, ఆడబిడ్డ వెళ్ళిపోయింది. పేరు లేదు.