ప్రవరుని ఇల్లు: నిత్యకృత్యంలోని తృప్తి

మనుచరిత్ర చదివినవారిలో ఎక్కువమందికి గుర్తుండిపోయే పాత్ర వరూధిని. ప్రవరుడు గుర్తున్నా, ఆమెను కాదని వెళ్ళిపోయిన మనిషిగానే గుర్తుంటాడు. పరీక్షల్లో ప్రశ్నలు కూడా అక్కడే తిరుగుతుంటాయి: ప్రవరుని నిగ్రహం, వరూధిని విరహం, వారిద్దరి మధ్య జరిగిన వాదం. దీనివల్ల ఒక నష్టం జరిగింది. ప్రవరుడు ఏం కాదన్నాడో మనకు బాగా తెలుసు. దేనికోసం కాదన్నాడో అంతగా పట్టించుకోలేదు. అతడు తిరిగి వెళ్ళాలని అంతగా తహతహలాడిన ఆ ఇల్లు ఎలాంటిది? అందులో అతనికి దొరికిన తృప్తి ఎలాంటిది? ఈ వ్యాసంలో ఆ ఇంటిని కొంచెం తీరుబడిగా చూద్దాం.

కావ్య పరిచయం మీకు ఇదివరకే ఉంది కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. అల్లసాని పెద్దన కృష్ణదేవరాయల (పాలన 1509–1529) ఆస్థానకవి. మనుచరిత్రకు స్వారోచిష మనుసంభవమనే పేరు కూడా ఉంది. ఇది ఆరు ఆశ్వాసాల ప్రబంధం. కథ మార్కండేయ పురాణంలోది. దాన్ని పెద్దనకు ముందే మారన తెలుగులోకి తెచ్చాడు. ప్రవరుని ఇంటి వర్ణన మొదటి ఆశ్వాసంలో వస్తుంది. హిమాలయ ఘట్టం, వరూధిని కథ ఆ తర్వాతివి.

ఆ ఇంట్లో రోజు

ప్రవరుణ్ణి పరిచయం చేసే పద్యంలోనే అతడు తన ఊరు విడిచి వెళ్ళనివాడని పెద్దన చెబుతాడు. తర్వాత జరిగే కథంతా ఆ ఒక్క మాటకు విరుద్ధంగా నడుస్తుంది కాబట్టి, దాన్ని గుర్తుంచుకోవాలి. ప్రవరుడు అందగాడు, యువకుడు, చదువుకున్నవాడు, యజ్ఞాలు చేసినవాడు. తెల్లవారగానే శిష్యులతో కలిసి వరణానదికి వెళ్ళి స్నానం చేస్తాడు. సూర్యునికి అర్ఘ్యం ఇస్తాడు. ఇంటికొచ్చి అగ్నులను సేవిస్తాడు. చదువు చెబుతాడు. అతిథులకు భోజనం పెడతాడు. మరునాడు మళ్ళీ ఇదే.

ఈ వర్ణనలో గొప్ప సంఘటన ఒక్కటీ లేదు. రోజూ జరిగేదే జరుగుతుంది. అయినా పద్యాలు విసుగు పుట్టించవు. ఉదయాన నది మీది గాలి, అప్పుడే విచ్చుతున్న తామరల వాసన, గుంపుగా నడిచే శిష్యులు, ఇవన్నీ ఆ పద్యాల్లో ఉన్నాయి. పెద్దన స్నానాన్ని వ్రతంగా వర్ణించలేదు, హాయిగా వర్ణించాడు. ప్రవరుడు శుష్కమైన కర్మిష్ఠి అని, అతనికి రసజ్ఞత లేదని విద్యార్థులు తేలిగ్గా రాసేస్తుంటారు. ఈ పద్యాల ముందు ఆ మాట నిలబడదు. హిమాలయానికి వెళ్ళినప్పుడు కూడా ఆ కొండల అందానికి ముగ్ధుడైపోతాడు. ఒక్కరోజులో చూసి తీరేది కాదు, మిగిలింది రేపు వచ్చి చూద్దాం అనుకుంటాడు. అందం తెలియనివాడికి ఆ ‘రేపు’ అక్కరలేదు.

ఆ ‘రేపు’ ఎందుకు వచ్చింది? మధ్యాహ్నం అయింది కాబట్టి. మధ్యాహ్నం చేయవలసిన పనులు ఇంటి దగ్గర ఉన్నాయి. పాదలేపం మంచునీటికి కరిగిపోయిందన్న సంగతి అప్పటికి అతనికి తెలియదు. వరూధిని ఇంకా కంటబడలేదు. అంటే ఇంటికి పోవాలన్న ఆలోచన, వరూధిని నుంచి తప్పించుకోవడానికి పుట్టింది కాదు. ఆమె రాకముందే, ఎండను చూసి పుట్టింది. రోజూ ఒకే వేళకు ఒకే పని చేసేవాడి ఒంట్లో గడియారం ఉంటుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు సాయంత్రం దీపం పెట్టేవేళకు, ఎక్కడ ఉన్నా, లేచి నిలబడటం మీరు చూసే ఉంటారు.

తృప్తిలో ఒక చిన్న దాహం

అయితే ప్రవరుడు పూర్తిగా తృప్తుడేనా? ఇక్కడ పెద్దన చేసిన పని చాలా సూక్ష్మమైనది. తీర్థయాత్రలు చేసినవారు ఊళ్ళోకి వచ్చారని వింటే చాలు, ఎంత దూరమైనా ఎదురు వెళతాడు ప్రవరుడు. ఇంటికి తీసుకొస్తాడు, కాళ్ళకు మొక్కుతాడు, మంచి భోజనం పెడతాడు. తిన్న తర్వాత దగ్గర కూర్చుని ఏయే చోట్లు చూశారని అడుగుతాడు. ఆ చోటు ఇక్కడికి ఎన్ని యోజనాల దూరమని కూడా అడుగుతాడు. పోలేని చోటి దూరాన్ని లెక్కగట్టుకోవడం కోరిక ఉన్నవాడు చేసే పని.

కాబట్టి ఈ ఇంటి శాంతి, కోరికలు చంపుకున్నవాడి శాంతి అని అనలేం. లోకం చూడాలన్న దాహాన్ని రోజూ కొంచెం కొంచెంగా, అతిథి చెప్పే మాటలతో తీర్చుకుంటూ ఉన్నాడు. అతిథిపూజ అతని ధర్మం. ఆ ధర్మంలోనే అతని ముచ్చటా తీరుతోంది. చేయవలసిన పని, చేయాలనిపించే పని ఒక్కటైపోయాయి. నిత్యకృత్యంలో దొరికే తృప్తికి తెలుగు కావ్యాల్లో ఇంతకంటే చక్కని చిత్రం నాకు కనిపించలేదు. సిద్ధుడు పాదలేపం ఇవ్వగానే ఆ సమతూకం చెదిరింది. మాటల్లో తీరే దాహం కాళ్ళలోకి వచ్చింది.

దారి తప్పిన తర్వాత అతని మనసులో మెదిలినవి చూడండి. కాసేపు కనబడకపోతే ఊరంతా వెతికే తండ్రి, సంధ్యవేళ గడప దాటనివ్వని తల్లి, మనసెరిగి మసలే భార్య, ఎప్పుడూ వెంట ఉండే శిష్యులు. వీళ్ళ తర్వాత అతిథులకు పెట్టే భోజనం, అగ్నులు, నిత్యకృత్యాలు గుర్తుకొస్తాయి. ముందు మనుషులు వచ్చారు, తర్వాత కర్మలు వచ్చాయి. కర్మ తప్పితే పాపమన్న భయం ఒక్కటే ఉంటే, ఈ వరుస తలకిందులుగా ఉండేది. తన ఆచారం అంటే అతనికి ఆ ఇంటి మనుషుల మధ్య గడిచే రోజు. అరణి, దర్భలు, అగ్నులు తనకు ప్రియమైనంతగా మరే భోగమూ ప్రియం కాదని వరూధినితో అన్నప్పుడు, దాన్ని ఉపన్యాసంగా చదివితే పొడిగా ఉంటుంది. పై పద్యాన్ని పక్కన పెట్టుకుని చదివితే ఇంటి మీద బెంగ వినిపిస్తుంది.

చివరికి అతన్ని ఇల్లు చేర్చింది కూడా ఆ నిత్యకృత్యమే. తాను దానజపాల్లో, అగ్నిహోత్రంలో నిష్ఠగా ఉన్నవాడినైతే, పరధనాన్ని పరస్త్రీని కోరనివాడినైతే, సూర్యుడు అస్తమించేలోగా ఇంట్లో నిలపమని అగ్నిని వేడుకుంటాడు. ఇక్కడ గడువు కూడా చూడాలి. సాయంసంధ్యకు ఇంట్లో ఉండాలి. అంతటి ఆపదలోనూ అతడు అడిగిన వరం, ఆ సాయంత్రం పని ఆ సాయంత్రానికి అందుకోవడం.

వంట ఎవరిది?

ఇంతవరకు చెప్పింది ప్రవరుని వైపు నుంచి. ఇప్పుడు అదే ఇంటిని వంటింటి వైపు నుంచి చూడాలి. ఈ పుస్తకం చదివే మీలో చాలామంది పనులన్నీ ముగిసి, ఇంట్లో అందరూ పడుకున్న తర్వాత పాఠం తెరిచేవారే కాబట్టి, ఈ భాగం మీకు వివరించి చెప్పనవసరం లేకపోవచ్చు.

ప్రవరుడు ఏ రాజు ఇచ్చినా దానం పట్టడని పెద్దన చెబుతాడు. ఆ నిస్పృహకు ఆధారం అదే పద్యంలో ఉంది. మాన్యక్షేత్రాలు బాగా పండుతాయి, ఇంట్లో పాడికీ పంటకూ లోటు లేదు. తల్లిదండ్రులు ఇంటి వ్యవహారం చూసుకుంటారు. వెయ్యిమంది వచ్చినా వండటానికి అలిసిపోని భార్య ఉంది. అర్ధరాత్రి అతిథులు వచ్చినా కావలసిన భోజనం సిద్ధం. పొలం దున్నేవారి గురించి, పాలు పితికేవారి గురించి పద్యం మాట్లాడదు. ప్రబంధాల్లో వాళ్ళకు చోటు దొరకడం అరుదు. భార్యకు మాత్రం చోటుంది. ఆమెను అన్నపూర్ణతో పోల్చాడు.

ఆమె అలిసిపోదని చెబుతున్నది కవి. ఆమెను ఎవరూ అడగలేదు. ప్రవరుడు ఉదయం నది గాలిలో పొందిన హాయికి పద్యం ఉంది. ఆమె పొయ్యి దగ్గర పొందినది హాయో అలసటో చెప్పే పద్యం లేదు. పెద్దనను ఈ కాలపు తూకంతో తూచి తప్పుపట్టాలని నా ఉద్దేశం కాదు. పదహారో శతాబ్దపు ఆస్థానకవి ఆదర్శ గృహస్థును చిత్రిస్తున్నాడు, ఆ చిత్రంలో గృహిణి ఇలాగే ఉంటుంది. అయినా ఇంటి పనుల్లోని ప్రశాంతతను మెచ్చుకునే ప్రతి రచన ముందూ మనం వేయవలసిన ప్రశ్న ఇది: తృప్తి పొందుతున్నవారూ, పని చేస్తున్నవారూ ఒక్కరేనా? ప్రవరుని అగ్నిహోత్రం వరకు ఒక్కరే. అతిథిసత్కారంలో కాదు.

ఆ ఇంట్లో పేరు ఎవరికి ఉందో కూడా చూడండి. ‘ప్రవర’ అంటే గోత్రానికి మూలమైన ఋషుల పేర్ల వరుస. సంధ్యావందనం చివర అభివాదనంలో ప్రవర, గోత్రం, సూత్రం, వేదశాఖ చెప్పి, ఆఖరున తన పేరు చెప్పుకుని నమస్కరిస్తారు. అంటే ఆ పురుషుని నిత్యకృత్యంలోనే తానెవరో రోజూ తన నోటితో చెప్పుకునే ఏర్పాటు ఉంది. కథానాయకుని పేరే ప్రవరుడు కావడం ఎంత చక్కగా అమరిందో! అతని భార్యను పెద్దన సోమిదమ్మ అంటాడు. అది పేరు కాదు, సోమయాజి భార్యను పిలిచే మాట. ఎంతో ప్రేమగా వాడిన మాటే. కానీ ఆమె పేరు ఏమిటో కావ్యం చివరి వరకు మనకు తెలియదు.

ఇక్కడ పి. సత్యవతి కథ ‘ఇల్లలకగానే’ గుర్తుకు రాక మానదు. దాదాపు అయిదు వందల ఏళ్ళ దూరంలో ఉన్న రెండు రచనలను పక్కపక్కన పెట్టడం కొందరికి అతిగా అనిపించవచ్చు. కానీ రెండింటి విషయమూ ఒక్కటే, ఇంట్లో రోజూ చేసే పని మనిషిని ఏం చేస్తుంది అన్నది. ఆ కథలో గృహిణి ఇల్లు అలుకుతుంది, ముగ్గులు పెడుతుంది. ఎంతో శ్రద్ధగా, మొదట్లో ఇష్టంగానే చేస్తుంది. అలుకుతూ అలుకుతూ ఒకరోజు తన పేరు మరిచిపోయానని గ్రహిస్తుంది. పనిమనిషిని అడిగితే అమ్మగారు అంటుంది. పిల్లలకు ఆమె అమ్మ. పేరు కోసం వెతుక్కుంటూ పుట్టింటికి బయలుదేరుతుంది. చివరికి పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిస్తే తన పేరూ, తన చదువూ, తాను వేసిన బొమ్మలూ గుర్తుకొస్తాయి.

ఈ కథను ఇంటిపనిని తిట్టే కథగా చదివితే సగమే చదివినట్లు. విమల ‘వంటిల్లు’ కవిత (నీలిమేఘాలు సంకలనం, 1993) వంటింటినే కూలగొట్టమనే దాకా వెళుతుంది. దాని కోపం వేరు, దాని బలం వేరు. సత్యవతి గొంతు అంత బిగ్గరగా ఉండదు. శారదకు ముగ్గు మీద ద్వేషం లేదు. ఆమె బొమ్మలు వేసే మనిషి. నిజానికి ముగ్గు ఆమె చేతికి దగ్గరి కళ. చుక్కలు లెక్క తప్పకుండా పెట్టి, గీత తెగకుండా కలుపుతున్నప్పుడు మనసు ఎంత కుదురుగా ఉంటుందో పెట్టేవారికి తెలుసు. ఆ కుదురు ప్రవరుడు నదిలో పొందిన కుదురుకు ఏమాత్రం తక్కువది కాదు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ప్రవరుని రోజులో అతని పేరు పలికే ఒక క్షణం ఉంది, శారద రోజులో లేదు. అతని పనికి మధ్యాహ్నం, సాయంత్రం అనే హద్దులున్నాయి. ఆమె అలుకుడుకు హద్దు లేదు, అలికిన ఇల్లు మళ్ళీ మాసిపోతూనే ఉంటుంది. ‘ఇల్లలకగానే పండగ కాదు’ అన్న సామెతను ఆ కథ అందుకే శీర్షికగా తీసుకుంది. ఇంటికి తిరిగివచ్చిన శారద చివరకు భర్తతో, ఇకపై ఏమోయ్ గీమోయ్ అనకుండా పేరు పెట్టి పిలవమంటుంది. ఇల్లు వదిలి వెళ్ళిపోవడం ఆమె కోరిక కాదు. ప్రవరునిలాగే ఆమె కూడా ఇంటికే తిరిగివచ్చింది.

మళ్ళీ మనుచరిత్రకు వద్దాం. అగ్ని సాయంతో ప్రవరుడు ఇల్లు చేరాడు, తన నిత్యకర్మల్లో పడ్డాడు. ఈ సంగతిని పెద్దన క్లుప్తంగా ముగించి వరూధిని వైపు తిరుగుతాడు. కథ నడవాలంటే అదే దారి. మనువు పుట్టుకకు కారణమయ్యే గంధర్వుడు అక్కడే ఉన్నాడు. కానీ ఆ పగలంతా సోమిదమ్మ ఏం చేసింది? అగ్నులు ఆరకుండా చూసిందా? వచ్చిన అతిథులకు వడ్డించిందా? వీధి గుమ్మంలో నిలబడిందా? ప్రవరుడు లోపలికి వచ్చినప్పుడు ఏమన్నది? మూలం చదివేటప్పుడు ఆ పద్యాల దగ్గర ఒకసారి ఆగి, ఆమె మాట ఎక్కడైనా వినబడుతుందేమో మీరే వెతికి చూడండి.