క్వీన్స్‌బరీ కొండమీద ఇత్తడి నాదం

ఉత్తర ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ నగరానికి ఆనుకొని క్వీన్స్‌బరీ అనే చిన్న ఊరుంది. సముద్రమట్టానికి వెయ్యి అడుగుల పైన, ఏడాది పొడుగునా చలిగాలి కొట్టే కొండమీది ఊరు. ఊరి నడుమ రాతి గోడలతో నిలబడ్డ పెద్ద ఉన్ని మిల్లు పేరు బ్లాక్ డైక్ మిల్స్. అందులో మగ్గాలు ఆగిపోయి చాలా కాలమైంది. కానీ ఆ పేరు ఇప్పటికీ ప్రపంచమంతా వినిపిస్తోంది. అది ఇప్పుడు బట్టల పేరు కాదు, ఒక బ్యాండు పేరు. జాతీయ పోటీల్లో ఇరవైకి పైగా సార్లు గెలిచిన బ్లాక్ డైక్ బ్యాండు నేటికీ ఆ ఊళ్లోని పాత గదిలోనే సాధన చేస్తుంది.

బ్యాండు అనగానే మనకు పెళ్లి ఊరేగింపులో ముందు నడిచే బ్యాండు మేళం గుర్తొస్తుంది. అదీ బ్రిటిష్ సైనిక బ్యాండ్ల వారసత్వమే. యార్క్‌షైర్, లాంకషైర్ మిల్లు ఊళ్ల బ్రాస్ బ్యాండు మాత్రం వేరే దారిలో పెరిగింది. ఇందులో క్లారినెట్ ఉండదు. ట్రంపెట్ కూడా ఉండదు. వాయించేవాళ్లు దీన్ని బతుకుతెరువుగా పెట్టుకోలేదు. పగలంతా మిల్లులోనో గనిలోనో పనిచేసి, సాయంత్రం మొహం కడుక్కుని సాధనకు వచ్చిన కార్మికులు వాళ్లు.

1816 ప్రాంతంలో ఈ ఊరి పేరు క్వీన్స్‌హెడ్. పబ్బు నడిపే పీటర్ వార్టన్ అక్కడ ఒక బ్యాండు పెట్టాడు. అందులో ఫ్రెంచ్ హారన్ ఊదిన కుర్రాడు జాన్ ఫాస్టర్. తర్వాతి కాలంలో మిల్లు కట్టి, అల్పకా, మొహేర్ ఉన్నితో బట్టలు నేయించి పెద్ద యజమాని అయింది అతనే. 1855లో మిల్లు తరఫున బ్యాండును చేరదీశాడు. వాయించేవాళ్లకు మిల్లులో పని, సాధనకు గది, నేర్పడానికి గురువు, మిల్లు బట్టతోనే కుట్టిన యూనిఫాం ఏర్పాటయ్యాయి. ఇదంతా యజమానుల దయాగుణమని మురిసిపోనక్కర్లేదు. పసిపిల్లలు కూడా యంత్రాల దగ్గర పనిచేసిన రోజులవి. కార్మికుడు సాయంత్రం తాగుడుకో సంఘం సమావేశానికో పోకుండా హారన్ పట్టుకుంటే యజమానికి మేలు, బ్యాండు గెలిస్తే మిల్లుకు పేరు. అయినా ఆ గదిలో పుట్టిన సంగీతం యజమాని లెక్కలకు లొంగలేదు. దాన్ని ఊరు తన సొంతం చేసుకుంది.

అప్పటి కొత్త యంత్రవిద్య కూడా కలిసొచ్చింది. వాల్వులు లేని పాత కొమ్ములో కొన్ని స్వరాలే పలికేవి. వాల్వులు వచ్చాక అన్ని స్వరాలూ చేతికందాయి. 1840లలో అడాల్ఫ్ సాక్స్ రూపొందించిన వాల్వుల సాక్స్‌హారన్లను డిస్టిన్ అనే వాద్యకారుల కుటుంబం ఇంగ్లండంతా తిరిగి వాయించి పరిచయం చేసింది. వయొలిన్ తీగమీద వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. మరి రోజంతా మొరటు పని చేసి కాయలు కాసిన చేతులకు మూడు వాల్వులు నొక్కడం సాధ్యమే. ఆ పైన రైళ్లొచ్చాయి. 1853లో మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ తోటలో పెట్టిన పోటీకి జనం వేలల్లో వచ్చారు. గెలిచింది మాస్లీ అనే చిన్న ఊరి మద్యనిషేధ సంఘం బ్యాండు.

ఈ కళలోని పనితనం గురించి కాస్త వివరంగా చెప్పాలి.

పోటీకి దిగే బ్యాండులో ఇత్తడి వాద్యాలు వాయించేవాళ్లు ఇరవై అయిదుగురు, వాళ్లతోపాటు తాళవాద్యాల వాళ్లు. సొప్రానో కార్నెట్ ఒకటి, మామూలు కార్నెట్లు తొమ్మిది, ఫ్లూగల్ హారన్ ఒకటి, టెనర్ హారన్లు మూడు, బారిటోన్లు రెండు, యుఫోనియంలు రెండు, ట్రాంబోన్లు మూడు, బాస్‌లు నాలుగు. ట్రాంబోన్లు తప్ప మిగిలినవాటిలో గొట్టం చాలా మేరకు శంఖంలా క్రమంగా వెడల్పవుతూ పోతుంది. అందుకే వాటి నాదం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ట్రంపెట్ గొట్టం ఎక్కువ భాగం ఒకే వెడల్పు, దాని గొంతు పదునుగా అందరినీ చీల్చుకొని ముందుకొస్తుంది. ఇక్కడ ఎవరి గొంతూ అలా విడిపడకూడదు.

ఇంకో తెలివైన ఏర్పాటు స్వరలిపిలో ఉంది. కార్నెట్ గొట్టం పొడవు నాలుగున్నర అడుగులు, పెద్ద బాస్‌ది పద్దెనిమిది అడుగులు. అయినా బాస్ ట్రాంబోన్ తప్ప ఇత్తడి వాద్యాలన్నిటికీ ఒకే క్లెఫ్‌లో, అంటే స్వరాల స్థానం తెలిపే ఒకే గుర్తుతో రాస్తారు. కాగితం మీద ఫలానా స్వరం కనిపిస్తే వాల్వు వాద్యం ఏదైనా నొక్కేది ఆ వాల్వులనే. తొమ్మిదేళ్లప్పుడు కార్నెట్ నేర్చుకున్న పిల్లవాడు పెద్దయ్యాక యుఫోనియం పట్టుకోవచ్చు, బాస్ వెనక కూర్చోవచ్చు. పెదవుల పట్టు, ఊపిరి బలం కొత్తగా సాధించుకోవాలి గానీ చదువు మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. బ్యాండులో ఒకరు ఊరు విడిచిపోతే పక్కవాడు ఆ కుర్చీలోకి మారగలడు. చిన్న ఊళ్లలో బ్యాండ్లు ఇన్ని తరాలు నిలవడానికి దీన్ని మించిన కారణం లేదని నా అభిప్రాయం.

యుఫోనియం వాల్వుల సంగతి చూడండి. రెండో వాల్వు నొక్కితే స్వరం అర మెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర. ఒక్కొక్కటిగా నొక్కినప్పుడు చిక్కు లేదు. రెండు మూడు కలిపి నొక్కితే మాత్రం గొట్టం పొడవు చాలదు, శ్రుతి పైకి జారుతుంది. కార్నెట్ వాయించేవాళ్లు ఎడమచేతి వేలితో ఒక చిన్న గొట్టాన్ని బయటికి లాగి సరిచేసుకుంటారు. బరువైన యుఫోనియం, బాస్‌లతో అది కుదరదు. డేవిడ్ బ్లేక్లీ 1874లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. చివరి వాల్వు నొక్కగానే గాలి వెనక్కి మళ్లి, మిగతా వాల్వుల వెనక అమర్చిన చిన్న గొట్టాల గుండా మరో చుట్టు తిరిగొస్తుంది. తక్కువపడిన పొడవు దానంతటదే భర్తీ అవుతుంది. మంచి యుఫోనియంలలో నేటికీ ఇదే అమరిక.

సాధన చాలాచోట్ల ఒక ప్రార్థనా గీతంతో మొదలవుతుంది. బ్రాడ్‌ఫర్డ్ పక్కనే ఉన్న షిప్లీకి చెందిన హ్యాండెల్ పార్కర్ కట్టిన డీప్ హార్మొనీ లాంటి బాణీని నిదానంగా, సన్నగా వాయిస్తారు. వేగంగా వాయిస్తే తప్పులు దాగుతాయి, నిదానంలో దాగవు. నలుగురు బాస్ వాద్యకారులు ఒకేసారి ఊపిరి తీసుకోరు. ఒకరి తర్వాత ఒకరు, ఎక్కడ తీసుకున్నారో వినేవాడికి అంతుపట్టకుండా తీసుకుంటారు. అందుకే అడుగున నాదం తెగదు. కార్నెట్లకు మరో రకం కష్టం. నాలుక కొనతో, నాలుక వెనక భాగంతో మార్చి మార్చి గాలిని కొట్టి, ట-ట-క, ట-ట-క అంటూ స్వరాలు చిమ్మాలి. సోలో వాయించేటప్పుడు సన్నని కంపితం వేస్తారు, అందరితో కలిసినప్పుడు దాన్ని అదుపులో పెడతారు. ఎప్పుడు వినిపించాలో, ఎప్పుడు కలిసిపోవాలో తెలుసుకోవడమే అక్కడి అసలు విద్య.

పోటీ పద్ధతిలోనూ అంత పట్టింపు ఉంది. అన్ని బ్యాండ్లకూ ఒకే కృతి. ఎవరు ఎప్పుడు వాయించాలో చీటీలు తీస్తారు. న్యాయనిర్ణేతలు తెరలు కప్పిన డబ్బాలాంటి గదిలో కూర్చుంటారు. వేదిక మీద ఏ బ్యాండు ఉందో వాళ్లకు కనబడదు. పేరున్న బ్యాండుకు దాని పేరు పనికిరాదు. సంగీత పోటీల్లో ఇంతకన్నా నిజాయితీగల ఏర్పాటు నాకు కనిపించలేదు.

ఎల్గార్, హోల్స్ట్ అంతటివాళ్లు ఈ బ్యాండ్ల కోసం ప్రత్యేకంగా కృతులు రాశారు. కానీ వీధుల్లో జనం నోట నానేవి మార్చ్ బాణీలు. వాటిలో ఒకటైన నైట్ టెంప్లర్‌ను రాసిన జార్జ్ అలన్, డరమ్ ప్రాంతంలోని షిల్డన్ రైల్వే కర్మాగారంలో కమ్మరి పనివాడు.

ఊళ్లకు తమ బ్యాండ్ల మీదున్న అభిమానం ఎంత లోతైనదో 1992లో దేశమంతా చూసింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం 31 బొగ్గు గనులను మూసేస్తామని ప్రకటించింది. బార్న్స్‌లీ దగ్గరి గ్రైమ్‌థోర్ప్ గని ఆ జాబితాలో ఉంది. కొద్ది రోజులకే గ్రైమ్‌థోర్ప్ బ్యాండు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వాయించి జాతీయ విజేత అయింది. మరుసటి ఏడాది గని మూతపడింది. 1996లో వచ్చిన బ్రాస్డ్ ఆఫ్ సినిమాకు ఆధారం ఈ కథే, అందులో వినిపించేదీ ఆ బ్యాండు నాదమే. గని పోయింది, ఉద్యోగాలు పోయాయి, బ్యాండు మిగిలింది. అది ఊరి బాధకు మందు కాదు. కానీ లండన్ కాగితాల మీద కొట్టివేసిన ఊరు, తన పేరును తానే వినిపించుకోగలిగింది.

ఒకప్పుడు ఇది పూర్తిగా మగవాళ్ల లోకం. ఇప్పుడు అమ్మాయిలు ముందు వరుస కార్నెట్లు వాయిస్తున్నారు, బ్యాండ్లు నడిపిస్తున్నారు. ఈ కళ బతకాలంటే జరగాల్సింది ఇదే. ఇక జరగకూడనిది బడుల్లో సంగీత పాఠాలకు డబ్బు కోత పెట్టడం. పిల్లల చేతికి కార్నెట్ అందకపోతే ఇరవై ఏళ్ల తర్వాత బాస్ వెనక కుర్చీ ఖాళీగా ఉంటుంది.

మాంచెస్టర్, లీడ్స్ చుట్టుపక్కల ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు ఒక మాట. ఈస్టర్ అయిన ఏడు వారాలకు పెంతెకోస్తు పండుగ. దాని తర్వాత వచ్చే శుక్రవారాన్ని అక్కడ విట్ ఫ్రైడే అంటారు. ఆ సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని శాడిల్‌వర్త్ కొండల్లోని డెల్ఫ్‌కో డాబ్‌క్రాస్‌కో అప్పర్‌మిల్‌కో వెళ్లండి. బ్యాండ్లు బస్సుల్లో ఊరూరూ తిరుగుతూ, ఒకదాని వెనక ఒకటి వీధిలో మార్చ్ చేసుకుంటూ వస్తాయి. తర్వాత ఒకచోట నిలబడి, కంటికి కనబడని న్యాయనిర్ణేత కోసం మరో మార్చ్ వాయిస్తాయి. రాత్రి పొద్దుపోయేదాకా ఇదే వరస. బాస్‌లు వాయించేవాళ్ల దగ్గరగా నిలబడండి. దళసరి కోటు తీసుకెళ్లడం మరవకండి, జూన్‌లో కూడా ఆ కొండల మీద చలి ఉంటుంది.