అశ్లీలత: ఎవరి సంఘం, ఎవరి ప్రమాణం?

అశ్లీలతను గురించి మనలో చర్చ వచ్చినప్పుడల్లా రెండు పక్షాలు ఏర్పడతాయి. ఒక పక్షం నిషేధించమంటుంది. రెండో పక్షం కళాకారుడికి స్వేచ్ఛ కావాలంటుంది. ఈ రెండు పక్షాలూ సాధారణంగా అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఏది అశ్లీలమో నిర్ణయించే అధికారం ఎవరిది? ఆ నిర్ణయంవల్ల లాభం ఎవరికి, కష్టం ఎవరికి?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి నేనొక గ్రంథాన్ని తీసుకుంటున్నాను. అది కావ్యమూ కాదు, నవలా కాదు. ఫేస్‌బుక్‌ను నడిపే కంపెనీ "కమ్యూనిటీ స్టాండర్డ్స్" అనే పేరుతో అమలు జరుపుతున్న నిబంధనావళి. తెలుగులో "సంఘ ప్రమాణాలు" అనవచ్చు. ఈనాడు ఏ విమర్శకుడి తీర్పుకూ లేనంత బలం ఈ గ్రంథానికి ఉంది. కోట్లాదిమంది ఏమి చూడవచ్చునో, ఏమి చూడరాదో అది శాసిస్తున్నది. కనుక సాహిత్య విమర్శకు ఇది తగిన వస్తువేనని నా ఉద్దేశం.

ఇందులో నగ్నతను గురించిన ప్రకరణం చదివితే విచిత్రంగా ఉంటుంది. మగవాడి చనుమొన కనిపించవచ్చు, ఆడదానిది కనిపించరాదు. పాలిచ్చే తల్లికీ, శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీకీ మినహాయింపు. చిత్రపటమైతే ఫరవాలేదు, శిల్పమైతే ఫరవాలేదు, ఫొటో అయితే తప్పు. ఇటువంటి ప్రమాణం ఆచరణలో ఎక్కడికి దారితీస్తుందో 2016 లో లోకమంతా చూసింది. 1972 లో వియత్నాంలో నాపాం మంటలకు ఒళ్లు కాలి, బట్టలు లేకుండా రోడ్డుమీద ఏడుస్తూ పరుగెత్తిన తొమ్మిదేళ్ల బాలిక ఫొటోను కంపెనీ తొలగించింది. నార్వేలో పత్రికలూ, ప్రధానమంత్రీ కూడా నిరసన తెలిపిన తర్వాత మళ్లీ పెట్టింది. అమెరికా నడిపిన యుద్ధానికి సాక్ష్యమైన ఆ ఫొటోలో ఈ నిబంధనకు కాలిన చర్మం కనబడలేదు, బట్టలేని ఒళ్లు మాత్రమే కనబడింది.

ఈ చూపు ఎక్కడినుంచి వచ్చింది? అమెరికా చరిత్రలోనే దీనికి జవాబున్నది. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం "అశ్లీల" సాహిత్యంతోబాటు గర్భనిరోధానికి సంబంధించిన సమాచారాన్ని కూడా తపాలాలో పంపడం నేరమన్నది. 1957 లో సుప్రీంకోర్టు అశ్లీలానికి వాక్‌స్వాతంత్ర్య రక్షణ లేదన్నది. అశ్లీలమంటే ఏమిటో చెప్పడానికి మాత్రం ఆ కోర్టు నానా అవస్థా పడింది. 1964 లో స్టూవర్ట్ అనే న్యాయమూర్తి, దాన్ని నిర్వచించడం తనవల్ల కాదుగాని చూస్తే గుర్తుపడతానన్నాడు. ప్రభుత్వమే నియమించిన సంఘం ఒకటి 1970 లో, వయోజనుల విషయంలో ఈ చట్టాలను రద్దు చెయ్యమని సిఫారసు చేస్తే, అధ్యక్షుడు నిక్సనూ, సెనేటూ దాన్ని తోసిపారేశారు. 1973 లో కోర్టు నిర్ణయభారాన్ని "సమకాలిక సంఘ ప్రమాణాల" మీదికి నెట్టింది. ఇంత సిగ్గుపడిన దేశంలోనే అశ్లీల చిత్రాల వ్యాపారం మహా పరిశ్రమగా పెరిగింది.

దీన్ని వట్టి కపటం అని ఊరుకుంటే చాలదు. సరకు చేయగలిగినదాన్నల్లా సరకు చెయ్యడం పెట్టుబడి స్వభావం. స్త్రీ శరీరం కూడా దానికి సరకే. అయితే సబ్బు అమ్మేవాడికీ, కారు అమ్మేవాడికీ తన ప్రకటన పక్కన రోత కనబడరాదు. కాబట్టి ఒకచోట అమ్మకం, మరొకచోట ముసుగు. రెండూ ఒకే బజారు అవసరాలు.

1996 లో అమెరికా కాంగ్రెసు ఇంటర్నెట్‌ను శుభ్రపరుస్తానని ఒక చట్టం చేసింది. అందులో అసభ్యతను నేరం చేసిన భాగాన్ని మరుసటి ఏడే సుప్రీంకోర్టు కొట్టివేసింది. మిగిలినవాటిలో ముఖ్యమైనది 230 వ సెక్షను. ఇతరులు పెట్టినదానికి కంపెనీ బాధ్యురాలు కాదు. తనకు అభ్యంతరమని తోచినదాన్ని సద్భావంతో తీసివేసినా బాధ్యురాలు కాదు. రాజ్యం చేతిలోంచి జారిన కత్తెర ఈ విధంగా కంపెనీ చేతికి వచ్చింది.

ఆ కత్తెర ఆడించే వేళ్లలో మన పిల్లల వేళ్లు కూడా ఉన్నాయి. 1998 లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2010 లో ఫేస్‌బుక్ హైదరాబాదులో కార్యాలయం తెరిచింది. కంపెనీ వేదికమీద ప్రజలు పెట్టే బొమ్మలనూ, మాటలనూ వడపోసే పని కంట్రాక్టు కంపెనీల ద్వారా కూడా జరుగుతుంది. హైదరాబాదులో జెన్‌పాక్ట్ అనే కంట్రాక్టు కంపెనీలో ఈ పని చేసేవారు, జీతం తక్కువనీ, ఒత్తిడి ఎక్కువనీ, చూసినవి మనసును వదలడం లేదనీ చెప్పినట్లు రాయిటర్స్ వార్తాసంస్థ 2019 లో ప్రకటించింది. ఎనిమిది గంటల షిఫ్టులో సుమారు 2,000, అంటే నిమిషానికి దాదాపు నాలుగు చూడవలసి వస్తుందని వారన్నారు. ఫేస్‌బుక్ ఆ లెక్క సరికాదన్నది, సరైన లెక్క మాత్రం చెప్పలేదు. అత్యున్నత న్యాయస్థానంలో కూర్చుని స్టూవర్ట్ నిర్వచించలేకపోయినదాన్ని, వారి లెక్క ప్రకారం, హైదరాబాదు కుర్రవాడు పావు నిమిషంలో తేల్చాలి!

2020 లో ఇటువంటి పనివల్ల మానసికంగా దెబ్బతిన్న కార్మికులకు 52 మిలియన్ డాలర్లు చెల్లించడానికి ఫేస్‌బుక్ ఒప్పుకున్నది. ఆ ఒప్పందం అమెరికాలో పనిచేసినవారికే. హైదరాబాదువారికి అందులో వాటా లేదు. అదే పని, అదే రోత, అదే కంపెనీ. ప్రమాణాలు మాత్రం ప్రపంచానికంతకీ ఒకటే!

ఇదంతా విని, "ఆ రోత పాశ్చాత్యులది, మన సంస్కృతి పవిత్రం" అనేవారుంటారు. వారికి ముద్దుపళని కథ గుర్తుచెయ్యాలి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఆమె రాసిన "రాధికాసాంత్వనము"ను 1910 లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా వావిళ్లవారు ప్రచురించారు. వీరేశలింగంగారంతటి సంస్కర్తే ఆ కావ్యాన్ని నిందించారు. మగకవులు రాసిన పచ్చిశృంగారాన్ని మెచ్చుకుంటూ, ఆడది రాస్తే తప్పంటారేమిటని నాగరత్నమ్మ నిలదీసింది. 1911 లో బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం మంత్రివర్గం 1947 లో గాని ఆ నిషేధం తొలగించలేదు. ముప్పయ్యారేళ్లు! ఆనాడు "సంఘం" పేర మాట్లాడినవారు పెద్దమనుషులూ, పరాయి ప్రభుత్వపు పోలీసులూ. తెలుగు స్త్రీ ఆ సంఘంలో లేదు.

స్వతంత్ర భారతం ఆ వారసత్వాన్ని వదలలేదు. 1868 నాటి ఇంగ్లండు తీర్పులోని గీటురాయిమీదనే 1964 లో మన సుప్రీంకోర్టు లారెన్సు నవలను పరీక్షించింది. 2014 లో దాన్ని విడిచి "సమకాలిక సంఘ ప్రమాణాల"కు వచ్చింది. ఇది ముందడుగే. అయితే పేరు మారినా ప్రశ్న మారలేదు. ఏ సంఘం? మాదాపూరు అద్దాల మేడలో కూర్చునేవారి సంఘమా, ఆ మేడ తుడిచే స్త్రీల సంఘమా?

నేను దేన్నీ తొలగించవద్దంటున్నానని పాఠకులు పొరబడరాదు. పసిపిల్లలపై అత్యాచారాల దృశ్యాలనూ, స్త్రీ సమ్మతి లేకుండా బజారుకెక్కించిన ఆమె బొమ్మలనూ తొలగించి తీరాలి. అక్కడ తప్పు నగ్నత కాదు, హింస. కొలవవలసింది ఎంత చర్మం కనబడిందో కాదు, ఎవరి సమ్మతి ఉన్నదో, ఎవరిమీద బలప్రయోగం జరిగిందో. ఈ కొలతతో చూస్తే వియత్నాం బాలిక ఫొటో నిలుస్తుంది, ముద్దుపళని కావ్యం నిలుస్తుంది, స్త్రీని హింసించి తీసిన చిత్రం తొలగిపోతుంది.

నిషేధమా, స్వేచ్ఛా అనే పాత తగువులో చిక్కుకుంటే మన చర్చ కంపెనీ గీసిన గీతలోపలే తిరుగుతుంది. ఆ ప్రమాణాలు రాయడంలో మన భాషకూ, మన స్త్రీలకూ చోటుండాలి. మన బురద కడిగే కార్మికుడికి న్యాయమైన జీతం, వైద్యం, జబ్బుకు పరిహారం అమెరికావాడితో సమానంగా అందాలి. తెలుగులో "సంఘం" అంటే సమాజమనే కాదు, కార్మికులు కట్టుకునేది కూడా. ఆ రెండో సంఘం బలపడనిదే మొదటి సంఘం పేర ఎవరు ఏ ప్రమాణం రాసినా అది యజమాని ప్రమాణమే అవుతుంది.